మే నెల వాన, చప్టా మీద నీళ్లు

అందరికీ నమస్కారం. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, ఆర్టీసీ డ్రైవర్లు, వడ్ల కొనుగోలు కేంద్రాలు నడిపే మహిళా సంఘాల వాళ్లు వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఈరోజు పెద్ద నదుల వరదల గురించి కాదు. గోదావరికి ముందే కబురు ఉంటుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. సర్దుకోవడానికి గంటలు, ఒక్కోసారి రోజులే దొరుకుతాయి. మనం మాట్లాడేది మ్యాపులో పేరు కూడా ఉండని వాగు గురించి, దాని మీది చప్టా గురించి, అంటే కింద తూములు పెట్టి వాగుకు అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన రోడ్డు గురించి. ఆ వాగునే కొన్నిచోట్ల ఒర్రె అంటారు, రాయలసీమలో వంక, ఉత్తరాంధ్రలో గెడ్డ. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉంటుంది, పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. మే నెలలో ఒక సాయంత్రం అరగంటలో నడుము లోతు నీళ్లు తెచ్చి, రెండు మూడు గంటల్లో మళ్లీ పాదాలు తడిసేంతకు దిగిపోతుంది. ఆ రెండు మూడు గంటల్లోనే మనుషులు పోతున్నారు. అంత త్వరగా దిగే నీటి కోసం ప్రాణం పోగొట్టుకోవడం నా మనసుకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం. ఆ కాసేపు జనాన్ని రెండు ఒడ్డుల మీదా ఆపగలిగితే చాలు. దానికి ఏమేం కావాలో చెప్తాను.

ముందు వాన సంగతి. ఎండాకాలంలో పగలు 41, 42 డిగ్రీలు కాస్తుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. అదే సమయంలో బంగాళాఖాతం నుంచి తేమ గాలి లోపలికి వస్తుంటుంది. పడమటి నుంచి వచ్చే పొడిగాలి, తూర్పు నుంచి వచ్చే తేమగాలి కలిసే చోట ఒక గీత ఏర్పడుతుంది. రేడియోలో 'విదర్భ నుంచి తమిళనాడు వరకు ద్రోణి' అని వినే ఉంటారు, ఆ గీతే అది. దాని దగ్గరలో మధ్యాహ్నం తర్వాత క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలు 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతాయి. ఒక్కో మేఘం బతికేది ముప్పావు గంట, గంట. ఆ కాస్తలోనే ఉన్నదంతా ఒకే చోట దింపేస్తుంది. మీ ఊళ్లో చుక్క లేకపోవచ్చు, ఎనిమిది కిలోమీటర్ల అవతల గట్టు మీద 60 మిల్లీమీటర్లు కొట్టి ఉండొచ్చు. అందుకే 'వానే లేదు, వాగెట్లా వస్తుంది' అనే మాట ప్రమాదకరం. మీ చప్టా దగ్గర నీళ్లు ఎంత వస్తాయో చెప్పేది ఎగువన ఉన్న ఆకాశం, మీ నెత్తి మీదిది కాదు.

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం. అదే 60 మిల్లీమీటర్లు రోజంతా కురిస్తే పంటకు మేలు, గంటలో కురిస్తే రోడ్డు పోతుంది. ఈ తేడా రోజు మొత్తం లెక్కలో కనపడదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం మీద రాసుకోండి. మీ చప్టాకు ఎగువన 5 చదరపు కిలోమీటర్ల నేల ఉందనుకుందాం, అంటే ఒక మామూలు ఊరి శివారు. గంటలో 60 మిల్లీమీటర్ల వాన. చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే 1,000 ఘనపు మీటర్లు, అంటే 10 లక్షల లీటర్లు. మొత్తం పడింది 3 లక్షల ఘనపు మీటర్లు. అందులో 40 శాతం పారిందనుకుంటే 1,20,000. ఇది గంటలో వచ్చి చేరితే సెకనుకు 33 ఘనపు మీటర్లు, మనకు అలవాటైన లెక్కలో దాదాపు 1,180 క్యూసెక్కులు. మీ ఊరికి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు సెకనుకు ఆరున్నర చొప్పున వరసగా వచ్చి గుమ్మరించినట్టు.

చప్టా కింద మూడు తూములున్నాయి, ఒక్కోటి మీటరు వ్యాసం. శుభ్రంగా ఉంటే ఒక తూము నుంచి సెకనుకు సుమారు 2 ఘనపు మీటర్లు పోతాయి. మూడూ కలిపి 6. మిగతా 27 రోడ్డు మీద నుంచే దూకాలి. చప్టా పల్లం 30 మీటర్ల పొడవు అనుకుంటే రోడ్డు మీద నీటి లోతు 44 సెంటీమీటర్లు, వేగం సెకనుకు 2 మీటర్లు. ఒడ్డున నిలబడి చూసే మనిషికి అది 'మోకాళ్ల దాకా' నీళ్లు. వెళ్లిపోవచ్చనిపిస్తుంది. రెండు కాళ్ల మీద ఆ నీటి తోపుడు సుమారు 30 కిలోల బరువంత ఉంటుంది, ఒక్క క్షణం కాదు, ఆగకుండా. ఒక కాలు ఎత్తిన ప్రతిసారీ రెండో కాలు ఒక్కటే ఆ బరువును ఆపాలి, అదీ నాచు పట్టిన కాంక్రీటు మీద. పైగా తోపుడు వేగంతో పాటు సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు.

ఈ విషయంలో ఆస్ట్రేలియా ఇంజనీర్లు వాడే ఒక పద్ధతి మనకూ పనికొస్తుంది. లోతును మీటర్లలో, వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని గుణిస్తారు. పెద్దవాళ్లకు 0.6 దాటితే ప్రమాదం మొదలైనట్టు, పిల్లలకు 0.4. చిన్న కారుకు 0.3, పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండికి 0.6. మన చప్టా మీద 0.44ను 2తో గుణిస్తే 0.88. ఎవరికీ దారి లేదు. సెకనుకు 2 మీటర్ల వేగంలో చిన్న కారుకు హద్దు 15 సెంటీమీటర్లే, జానెడు కూడా కాదు. నీరు నిలిచి ఉన్నా సరే చిన్న కారుకు 30 సెంటీమీటర్లే గరిష్ఠం.

వేగం ఎలా తెలుస్తుందంటారా? నీళ్లు రాకముందే వాగు ఒడ్డున 10 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి పెట్టుకోండి. పై కర్ర దగ్గర ఒక పుల్ల విసిరి, కింది కర్ర దాటేదాకా లెక్కపెట్టండి. ఐదు సెకన్లయితే వేగం 2. ఎవరికీ చదువు అక్కర్లేదు.

కారు ఎందుకు అంత త్వరగా లేస్తుందో చెప్పాలి, ఎందుకంటే 'బరువైన బండి, ఏం కాదు' అనే నమ్మకం చాలా బలంగా ఉంది. చిన్న కారు తొమ్మిది వందల కిలోలు ఉంటుంది. అడుగు భాగం నేలకు 17 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. నీరు అడుగును తాకాక పెరిగే ప్రతి 10 సెంటీమీటర్లూ బండిని అర టన్ను బలంతో పైకి ఎత్తుతాయి. 30 సెంటీమీటర్లు వచ్చేసరికి బండి బరువులో మూడింట రెండు వంతులు నీళ్లే మోస్తుంటాయి. చక్రానికి రోడ్డు మీద పట్టు పోయింది. ఇక స్టీరింగ్ తిప్పినా ఒకటే, తిప్పకపోయినా ఒకటే. ఆటో మరీ తేలిక. మోటారు సైకిల్ తేలకపోయినా నీటి పోటుకు ముందు చక్రం పక్కకు జారుతుంది, దాన్ని ఆపబోయి మనిషి కాలు కింద పెడతాడు, అక్కడితో అయిపోతుంది.

(సభలో నుంచి: ట్రాక్టర్ అయితే పోవచ్చు కదా?)

మంచి ప్రశ్న. చాలామంది ట్రాక్టర్ ట్రాలీలో జనాన్ని ఎక్కించుకుని దాటిస్తుంటారు, మంచి మనసుతోనే. ట్రాక్టర్‌కు పెద్ద చక్రాలు వెనక ఉంటాయి, ముందు భాగం తేలిక. ముందు చక్రాలు పట్టు తప్పితే దిశ మార్చలేరు. ఖాళీ ట్రాలీ పక్క డాలాల మీద నీటి తోపుడు పడి ట్రాలీ దిగువకు తిరుగుతుంది, హుక్కు దగ్గర మడత పడుతుంది, ఇంజన్‌ను కూడా తనతో లాగుతుంది. బస్సు బరువెక్కువ కాబట్టి తేలడం ఆలస్యం. అది పోయేది తేలి కాదు, అంచు కింద మట్టి కొట్టుకుపోయి ఒక పక్క చక్రం దిగబడి. నీళ్లు ఎర్రగా ఉంటాయి, అంచు ఎక్కడుందో డ్రైవర్‌కు కనపడదు.

అక్కడి నుంచి అసలు విషయానికి వస్తాను: చప్టా ఎలా పోతుంది? చాలామంది నీటి తోపుడుకు కాంక్రీటు విరిగిందనుకుంటారు. అలా అరుదు. నీళ్లు రోడ్డు దాటి దిగువ అంచు నుంచి కిందికి పడతాయి. పడే చోట గుంత తవ్వుతాయి. గుంత లోతయ్యే కొద్దీ కింది మట్టి వెనక్కి, అంటే రోడ్డు అడుగుకు జారిపోతుంది. దీన్ని ఆపడానికే దిగువ అంచున నేలలోకి ఒక గోడ దింపుతారు, కటాఫ్ వాల్ అంటాం. దాని ముందు పెద్ద రాళ్లు పేర్చి ఏప్రాన్ వేస్తారు. గుంత ఆ గోడ అడుగును దాటి కిందికి దిగిన రోజు గోడకు పనిలేదు. పైన తారు, కాంక్రీటు చక్కగా కనపడుతుంటాయి, కింద బోలు. వరదంతా తగ్గాక, మర్నాడు పొద్దున ఎండలో, వడ్ల లారీ ఎక్కితే కూలుతుంది.

ఇంకో చోటు, చప్టా రెండు చివరలు. కాంక్రీటు ఆగి మట్టి కట్ట మొదలయ్యే అతుకు. తూములు మూసుకుపోతే నీళ్లు పక్కకు ఎక్కి ఆ అతుకు దగ్గర దారి చేసుకుంటాయి. ఒకసారి సన్నగా మొదలైతే గంటలో రెండు మూడు మీటర్ల గండి. చప్టా మధ్యలో దీవిలా మిగిలిపోయి, రెండు పక్కల రోడ్డు లేకుండా పోవడం మీరు చూసే ఉంటారు.

మరి తూములు ఎందుకు మూసుకుంటాయి? ఇక్కడే ఎండాకాలపు వాన, వానాకాలపు వాన కన్నా చెడ్డది. ఏప్రిల్, మే నెలలు యాసంగి కోతల కాలం. హార్వెస్టర్ వదిలిన గడ్డి పొలాల్లో పరచుకుని ఉంటుంది. పీకేసిన పత్తి కట్టె గట్ల మీద పడి ఉంటుంది. ఆరు నెలలుగా వాగులో పారేసిన ప్లాస్టిక్, కోళ్ల ఫారం సంచులు, సర్కారు తుమ్మ కంప అలాగే ఉంటాయి. మొదటి వానకు ఇదంతా ఒక్కసారి లేచి వస్తుంది. ముందు కంప వచ్చి తూము నోట్లో అడ్డం పడుతుంది, దాని మీద గడ్డి, దాని మీద టార్పాలిన్. పది నిమిషాల్లో మీటరు తూము గోడలా అయిపోతుంది. అప్పుడు తూముల నుంచి పోవాల్సిన ఆ 6 ఘనపు మీటర్లు కూడా రోడ్డు పైనుంచే పోవాలి.

వడ్ల గురించి కూడా చెప్పాలి, నొచ్చుకోవద్దు. కల్లాలు సరిపోక రోడ్డు మీద ఆరబోస్తున్నారు, అది రైతు తప్పని నేననను. కానీ కుప్ప రోడ్డు పక్క కాలువకు అడ్డం పడకూడదు. వానకు టార్పాలిన్ మీద పెట్టిన రాళ్లు రోడ్డు మీదే మిగిలిపోతే చీకట్లో బైకులకు ప్రాణాంతకం. అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. మబ్బు పట్టగానే రైతు ఇంటి నుంచి కల్లానికి పరుగెత్తుతాడు, మధ్యలో వాగు ఉంటుంది. సాయంత్రం ఐదు గంటలకు చప్టా మీది నీళ్లలోకి దిగేవాళ్లలో చాలామంది ఆ తొందరలో ఉన్నవాళ్లే. కాబట్టి వాగు అవతల కల్లం ఉన్నవాళ్లు మధ్యాహ్నం మూడింటికే కుప్పలు చేసి కప్పేయాలి, లేదా అవతలి ఒడ్డున ఉండే మనిషికి ఆ పని అప్పజెప్పాలి. కొనుగోలు కేంద్రం నడిపే అక్కలు ఈ ఒక్కటి పట్టుబట్టి చేయిస్తే చాలా మేలు.

మార్చి ఆఖరి వారంలో చేయాల్సిన పని ఇది. తూముల్లో చెత్తను దిగువ వైపు నుంచి మొదలుపెట్టి తీయండి. ఎగువ నుంచి నెడితే చెత్త మధ్యలో బిగుసుకుంటుంది. ఒక చివర టార్చ్ పెట్టి రెండో చివర నుంచి చూడండి, వెలుగు గుండ్రంగా పూర్తిగా కనపడాలి. అడుగున అరచంద్రంలా తెగితే ఇసుక పేరుకుంది, మధ్యలో విరిగినట్టు కనిపిస్తే తూముల అతుకు జారింది, అంటే అక్కడి నుంచి రోడ్డు మట్టి లోపలికి రాలుతోంది. ఎగువన ముప్పై మీటర్ల దాకా కంప కొట్టేయండి, కొట్టింది అక్కడే వదలకండి. తూము నోటికే ఇనుప జాలీ బిగించడం మంచిది కాదు, అదే మూసుకుంటుంది. కావాలంటే నాలుగైదు మీటర్ల ముందర నిలువు స్తంభాలు వాలుగా పాతి కంపను అక్కడ ఆపండి.

తర్వాత దిగువ గుంత. ఎండి ఉన్నప్పుడే దిగి కొలవండి. కటాఫ్ గోడ అడుగు కనపడిందంటే ఆ రోజే ఇంజనీరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఫోటో మీద తేదీ ఉండాలి. మొరం పోసి పూడ్చకండి. మొరం మొదటి వానకే పోతుంది, గుంత పూడిందన్న ధైర్యం మాత్రం మిగులుతుంది. కనీసం 30 సెంటీమీటర్ల సైజు, ఒక మనిషి ఒంటరిగా ఎత్తలేని రాళ్లు కావాలి.

లోతు చూపే స్తంభాల్లో ఒక పొరపాటు చాలాచోట్ల ఉంది. సున్నా గీత స్తంభం మొదట్లో గీస్తున్నారు. స్తంభం ఉండేది రోడ్డు పక్క కాస్త ఎత్తు మీద. స్తంభం మీద 10 సెంటీమీటర్లు చూపిస్తుంటే చప్టా మధ్యలో 40 ఉండొచ్చు. సున్నా అనేది రోడ్డు అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటి మట్టం. ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు పోసి మేస్త్రీలు మట్టం చూసుకుంటారు చూడండి, అలాగే ఆ మట్టాన్ని స్తంభానికి తెచ్చుకుని గీయండి. 15 సెంటీమీటర్ల పైనంతా ఎరుపు రంగు. యాభై మీటర్ల దూరం నుంచి బండి లైటు వెలుగులో కనపడాలి, కాబట్టి మెరిసే రంగు వాడండి. కరెంటు దీపాలను నమ్ముకోవద్దు, ఈదురుగాలికి ముందు పోయేది కరెంటే.

రోడ్డు మూయడానికి అడ్డంగా కట్టే గొలుసును నీళ్ల అంచున కట్టొద్దు. అక్కడిదాకా వచ్చిన లారీ వెనక్కి తిరగలేదు, వెనక బండ్లు నెడతాయి, చివరికి ఎవరో గొలుసు విప్పుతారు. బండి తిరగగలిగే చివరి కూడలి దగ్గర కట్టండి, అక్కడే వేరే దారి ఎటో, ఎన్ని కిలోమీటర్లో రాసిన బోర్డు పెట్టండి. రెండు ఒడ్డులకూ వేరువేరు మనుషులు ఉండాలి. ఒకే మనిషికి రెండు గొలుసులు అప్పజెపితే అవతలిది కట్టడానికి అతనే వాగు దాటాలి.

ఇక ఆ రోజు సాయంత్రం. వాతావరణ శాఖ వచ్చే మూడు గంటలకు ఇచ్చే సమాచారాన్ని నౌకాస్ట్ అంటారు, మౌసమ్ యాప్‌లో వస్తుంది. పిడుగులకు దామిని యాప్ ఉంది. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్ల చిత్రాలు ఎవరైనా చూడొచ్చు, మబ్బు ఎటు కదులుతోందో తెలుస్తుంది. కానీ అవి జిల్లా, మండలం వరకే చెప్పగలవు. మీ వాగు లెక్క మీరే పెట్టుకోవాలి. ఎగువ ఊళ్లో ఆరుబయట, చెట్టుకూ గోడకూ దూరంగా, గోడలు నిలువుగా ఉన్న డబ్బా ఒకటి పెట్టండి. వాలుగా ఉండే బకెట్ పనికిరాదు, లెక్క తప్పుతుంది. పిల్లవాడి స్కేలు ముంచితే ఎన్ని మిల్లీమీటర్లో అదే వాన. పావుగంటలో 15, అరగంటలో 30 దాటితే ఎగువ ఊరి నుంచి కింది ఊరికి ఫోన్, వెంటనే గొలుసు. కింది ఊళ్లో ఎండ కాస్తున్నా సరే. ఫోన్ టవర్లు కూడా పోతుంటాయి కాబట్టి పదిహేను నిమిషాలకు ఒకసారి కబురు రాకపోతే దాన్నీ హెచ్చరికగానే తీసుకోండి.

వాగు దగ్గర ఉన్నవాళ్లకు గుర్తులు కూడా ఉన్నాయి. ఎండిన వాగులో ముందు ఒక నాలుకలా నీళ్లు వస్తాయి, నురగ, గడ్డి, కట్టెలు మోసుకుంటూ. పారుతున్న వాగైతే తేటనీళ్లు ఒక్కసారిగా ఎర్రబడతాయి. ఇవి కనిపించాక కాలవ్యవధి నిమిషాల్లోనే. గొడ్లను, ఇసుక ట్రాక్టర్లను ముందు బయటికి తోలండి.

రెండు మూడు గంటల్లో దిగుతుందన్నాను. దానికో మినహాయింపు ఉంది, జాగ్రత్తగా వినండి. ఎగువన చెరువు ఉంటే లెక్క మారుతుంది. ఒకప్పుడు మే నెలలో చెరువులు ఎండి ఉండేవి, ఎంత వానైనా మింగేసేవి. ఇప్పుడు ఎత్తిపోతల నీళ్లతో, కాలువ నీళ్లతో ఎండాకాలంలో కూడా నిండుగా ఉంచుతున్న చోట వాన పడగానే మత్తడి, అంటే చెరువు అలుగు, దుంకుతుంది, రాత్రంతా పారుతుంది. ఒకదాని కింద ఒకటిగా ఉండే గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందివాటికీ ముప్పే. 2005 అక్టోబరు 29న అప్పటి నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర తెల్లవారక ముందు చీకట్లో ఇలాంటి మెరుపు వరదకు చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. డెల్టా ప్యాసింజర్ అందులో పడి వంద మందికి పైగా చనిపోయారు. అంత బరువైన రైలుకైనా కింద ఆధారం ఉండాలి కదా. చీకట్లో రోడ్డు ఉందో లేదో లైటు వెలుగులో తెలియదు, నీటి పొర ఒకేలా మెరుస్తుంది. అందుకే ఎగువ చెరువుల మత్తళ్ల సంగతి తెలిసేదాకా రాత్రిపూట గొలుసు విప్పకండి.

రైల్వే అండర్‌పాస్‌ల గురించి క్లుప్తంగా. కాపలా లేని గేట్లు తీసేసి చాలాచోట్ల ఇవి కట్టారు. రెండు పక్కల ర్యాంపుల మీద పడ్డదంతా అందులోకే చేరుతుంది, పంపు కరెంటుతో నడుస్తుంది. నీళ్లు పారవు కాబట్టి నిశ్శబ్దంగా ఉంటాయి, లోతు తెలియదు. 2022 జూలైలో మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక బడి బస్సు ఇలాగే ఇరుక్కుంది, ఊరివాళ్లు పిల్లలను క్షేమంగా దించారు. గోడ మీద లోతు గీతలు గీయించండి, చక్రం మధ్య బోల్టు మునిగేంత నీరుంటే బస్సు దిగకూడదన్న మాట ప్రతి డ్రైవర్‌కూ ముందే చెప్పి ఉండాలి. బడులు తెరిచే జూన్ రెండో వారానికి ఈ పని అయిపోవాలి.

బండి నీళ్లలో ఆగిపోతే ఏం చేయాలి? మళ్లీ స్టార్ట్ చేయొద్దు, గాలి దారి గుండా సిలిండర్‌లోకి నీరు పోతే ఇంజన్ కడ్డీలు వంగుతాయి, అంతకన్నా ముఖ్యంగా విలువైన నిమిషం పోతుంది. బయట అర మీటరు నీళ్లుంటే తలుపు మీద వంద కిలోలకు పైగా బరువుంటుంది, తెరుచుకోదు. ముందు అద్దాలు దించండి, కరెంటు అద్దాలు మొదటి నిమిషాల్లో పనిచేస్తాయి. తర్వాత సీటు బెల్టు, తర్వాత పిల్లలు, ఎగువ వైపు కిటికీ కాకుండా దిగువ వైపు నుంచి బయటికి, పైకప్పు మీదికి. ఈదుకుంటూ ఒడ్డుకు పోయే ప్రయత్నం ఆఖరిది. 112కు ఫోన్ చేసి వాగు పేరు, ఏ ఊరి వైపు ఒడ్డో చెప్పండి. ఒడ్డున ఉన్నవాళ్లు గొలుసులా చేతులు పట్టుకుని నీళ్లలోకి దిగొద్దు. తాడు, గాలి నింపిన ట్రాక్టర్ ట్యూబు విసరండి. తాడును మీ నడుముకు కట్టుకోకండి, చెట్టుకు కట్టండి.

నీళ్లు దిగాక తెరిచే పద్ధతి చెప్పి ఆపుతాను. రోడ్డు కనపడగానే గొలుసు విప్పకండి. ఇద్దరు గడ్డపారతో నడవండి, దిగువ అంచు వెంట అడుగుకొక పోటు. గల్లుమని గట్టిగా మోగితే మంచిదే, డొల్లగా మోగితే కింద బోలు. అంచుకు సమాంతరంగా సన్నని పగులు ఉంటే అది కొత్తదో పాతదో ఆలోచించకుండా ఆ పక్క మూసేయండి. రెండు చివరల అతుకులు చూడండి, దిగువ గుంతలోకి టార్చ్ వేసి గోడ అడుగు చూడండి. తూముల్లో చెత్త అప్పుడే తీసేయండి, రేపు సాయంత్రం మళ్లీ మబ్బు పట్టొచ్చు. అన్నీ బాగుంటే ముందు మనుషులు, బైకులు. తర్వాత ఖాళీ ట్రాక్టర్ మధ్య నుంచి నెమ్మదిగా, ఒక మనిషి దిగువ అంచు చూస్తూ. వడ్ల లారీలు, బస్సులు పగటి వెలుగులో ఇంజనీరు వచ్చి చూశాకే.